సానరాయి మీద పన్నెండు చుట్లు

లింబాద్రి డాక్టర్ తన హోమియో క్లినిక్ షట్టర్‌ని పొద్దున పదింటికి ఎత్తుతాడు. బోధన్ బస్టాండు వెనక సందులో, జిరాక్స్ షాపుకూ టైర్ల షాపుకూ మధ్య రెండు గదుల క్లినిక్ అది. ముందు గదిలో రెండు బెంచీలు, లోపలి గదిలో బల్ల, అల్మారా. రెండు గదుల మధ్య తలుపు లేదు, కర్టెన్ కూడా లేదు. లోపల పేషెంటు చెప్పుకునేదంతా బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు వినపడుతుంది. ఇదేం పద్ధతి సారూ అని ఎవరైనా అడిగితే, "తలుపు పెడితే చీమలకు అడ్డమైతది" అంటాడు.

చీమల సంగతి బోధన్‌లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది, పని పోయినవాళ్ళలో కొందరు దుబాయి పోయారు, కొందరు నిజామాబాద్‌లో వాచ్‌మన్ నౌకరీలకు కుదిరారు. చీమలు మాత్రం లింబాద్రి డాక్టర్ దగ్గరికి వచ్చాయి. తియ్యటి గోళీల వాసన పట్టి వచ్చాయనుకున్నారు గానీ, అవి గోళీల జోలికి పోలేదు. పేషెంటు తన బాధంతా చెప్పుకున్నాక గోడ పగుల్లోంచి వరసగా దిగి, నేల మీదుగా నడిచి, మూడు వందల సీసాలున్న అల్మారా ఎక్కి ఒక సీసా దగ్గర ఆగుతాయి. డాక్టర్ ఆ సీసా తీసి గోళీలు కట్టిస్తాడు.

కాకపోతే ఒక చిక్కుంది. చెప్పేవాళ్ళు ఏదైనా దాచిపెడితే చీమలు పగులు దాటి రావు. దురదలని వచ్చిన భోజన్న, కల్లు మానేసి ఆర్నెల్లయిందని చెప్పి, గంటసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి బెంచీ మీదున్న అతని భార్య, "నిన్న తాగినవ్ గదా, చెప్పరాదు, ఇంటికాడ పనున్నది" అన్నది. ఒప్పుకున్నాడు, చీమలు దిగాయి. పాపం, సిగ్గుపడడానికి కూడా అతనికి తీరిక దొరకలేదు, వెనక ఇంకా ఎనిమిది మంది ఉన్నారు.

వానాకాలం మొదట్లో రేణుకమ్మ తన కోడలు సింధూజనూ, ఆరేళ్ళ మనవరాలు అంకితనూ వెంటబెట్టుకుని ఆ క్లినిక్‌కు వచ్చింది. అంకితకు పల్లీలు పడవు. మూడేళ్ళప్పుడు ఒక పల్లి పట్టి ముక్క తిని, పెదవులు ఉబ్బి, ఊపిరాడక నిజామాబాద్ పెద్దాసుపత్రి దాకా పోయింది. అక్కడి పిల్లల డాక్టర్ ఒక సూదిమందు రాసిచ్చాడు. ఎర్ర డబ్బాలో సిరంజి, చిన్న మందు సీసా. పొరపాటున పల్లీ కడుపులోకి పోతే వెంటనే తొడకు పొడిచి ఆసుపత్రికి ఉరకాలి. సింధూజ నేర్చుకుంది. ఆమె మొగుడు పరమేశ్వర్ నేర్చుకున్నాడు. రేణుకమ్మ మాత్రం, "సూది సూస్తేనే నాకు చెయ్యి వణుకుతది, నాతోని కాదు" అని చేతులు వెనక్కి పెట్టుకుంది.

లింబాద్రి డాక్టర్ గంటసేపు అడిగాడు. పిల్ల ఏ పక్కకు తిరిగి పడుకుంటుంది, దేనికి భయపడుతుంది, కల వస్తే ఎవరిని పిలుస్తుంది. చీమలు దిగి పైవరసలో ఒక సీసా దగ్గర ఆగాయి.

"గిది దురదకు, నిద్ర పట్టనందుకు, లోపలి భయానికి" అన్నాడు డాక్టర్ గోళీలు పొట్లం కడుతూ. "మంచిగ ఇనుండ్రి. పల్లి పెట్టుడు లేదు. ఎర్ర డబ్బా ఇంట్లనుంచి కదలొద్దు. నా గోళీలు ఆ రెండింటికి తోడు మాత్రమే. ఆ రెండు లేకుంటే ఇవి ఉత్త చక్కెర."

రేణుకమ్మ బుద్ధిగా వింది. తర్వాత అడిగింది. "ఇంత సన్న గోళీ ఏం జేస్తది సారూ?"

ఆ రోజు డాక్టర్ మంచి హుషారు మీదున్నాడు. "బాధ వెట్టేదాన్నే మందు చేస్తమక్కా. ఒక చుక్క తీసుకొని నూరు చుక్కల నీళ్ళల్ల కలుపుతం. దాంట్ల ఒక చుక్క తీసి మళ్ళ నూరు చుక్కల్ల. గట్ల ముప్పైసార్లు. అప్పుడు ఒంటికి అలవాటు చేస్తది."

మిగతా అంతా రేణుకమ్మ ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసింది. బాధ పెట్టేదే మందు, కొంచెం కొంచెం ఇస్తే అలవాటవుతుంది అన్న ముక్క మాత్రం మనసులో నాటుకుంది. ఎందుకంటే అది ఆమెకు తెలిసిన సంగతే. ముగ్గురు పిల్లల్ని ఆమె అట్లాగే పెంచింది. సానరాయి మీద తల్లిపాలు రెండు చుక్కలు వేసి, వసకొమ్ము మొదటిరోజు ఒక్క చుట్టు అరగదీసి నాలుకకు రాసేది. రెండో రోజు రెండు చుట్లు. అట్లా పెంచుకుంటూ పోయేది. తన ఊరు మోస్రాలో ఆమె చేతి ఉగ్గు తాగి ఎదిగిన పిల్లలు ఇప్పుడు ట్రాక్టర్లు నడుపుతున్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. అది చెప్పకపోతే రేణుకమ్మకు అన్యాయం చేసినట్టవుతుంది. పోయిన ఏడాది సద్దుల బతుకమ్మ నాడు, ఆటయ్యాక వాడకట్టు ఆడవాళ్ళంతా వేయించి దంచి బెల్లం కలిపిన సత్తులు పంచుకుంటుంటే, ఒకామె అంకిత చేతిలో పల్లి సత్తు పెట్టబోయింది. సింధూజ ఉరికొచ్చి పిల్ల చెయ్యి వెనక్కి లాగింది. సత్తు నేల పాలైంది. "ప్రసాదం గుడ పడని పిల్లనా" అని ఎవరో అన్నారు, ఎవరో నవ్వారు. అంకిత ఏడ్చుకుంటూ ఇంట్లోకి పోయింది. రేణుకమ్మకు తల కొట్టేసినట్టయింది. వచ్చే బతుకమ్మకు ఈ పిల్ల అందరి నడుమ నిలబడి పల్లి సత్తు తినాలి అని ఆ రోజే అనుకుంది.

సింధూజ డిచ్‌పల్లి యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తుంది. ఏడున్నర బస్సుకు పోతే ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర. పరమేశ్వర్ ట్రాక్టర్ సామాన్ల షాపులో ఉంటాడు. బడినుంచి నాలుగింటికి వచ్చే అంకితకు కాళ్ళు కడిగి, గోళీలు వేసేది రేణుకమ్మే. ఒక సోమవారం ఆమె పాత ట్రంకుపెట్టెలోంచి సానరాయి తీసింది. ఒక పచ్చి పల్లి గింజ, నాలుగు చుక్కల నీళ్ళు. ఒక్క చుట్టు. ఆ తడిని వేలికొసతో తీసి గోళీలకు పూసి పిల్ల నాలుక మీద పెట్టింది. గడపలో కూర్చుని పిల్లనే చూస్తూ ఉండిపోయింది. ఏమీ కాలేదు.

మర్నాడు రెండు చుట్లు. ఆ మర్నాడు మూడు. పదకొండు రోజులు ఏమీ కాలేదు. రేణుకమ్మ నడకే మారింది. పెద్దాసుపత్రి డాక్టర్లు చెయ్యలేనిది తన సానరాయి చేస్తున్నదని ఒక్కతే లోపల్లోపల మురిసిపోయింది. పన్నెండో రోజు పన్నెండు చుట్లు తిప్పింది.

ఐదు నిమిషాల్లో అంకిత గొంతు పట్టుకుంది. పెదవులు ఉబ్బాయి, కళ్ళు మూసుకుపోయాయి, లోపలికి తీసే ఊపిరి ఈల వేసింది. ఎర్ర డబ్బా ఫ్రిజ్ పక్కన మేకుకు వేలాడుతోంది. రేణుకమ్మ దాన్ని తీసింది, తెరిచింది, సిరంజి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. దాంతో ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు.  వాకిట్లోంచి చూసి పక్కింటి గంగమణి లోపలికి వచ్చి, పిల్లనూ డబ్బానూ ఎత్తుకుని వీధి చివర ఆసుపత్రికి ఉరికింది. అక్కడ నర్సు సూది వేసింది. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని తర్వాత అన్నారు. ఆ రెండు నిమిషాలు తన చేతిలోనే పోయాయని రేణుకమ్మకు తెలుసు.

పిల్ల రెండు రోజులు నిజామాబాద్‌లో ఉండి ఇంటికొచ్చింది. ఇంటికి రాగానే అందరిదీ ఒకటే ప్రశ్న, ఏం తిన్నది. పరమేశ్వర్ పిల్ల బడి టిఫిన్ డబ్బా విప్పాడు. అందులో ఒకటిన్నర బిస్కెట్ మిగిలింది. ఆ ప్యాకెట్ వెతికి తీస్తే, వెనక సన్న అక్షరాల్లో పల్లీల జాడ ఉండొచ్చని రాసి ఉంది. సింధూజ అది రెండుసార్లు చదివి అక్కడే కూలబడింది.

"నేనే పెట్టిన" అన్నది. "ఎప్పుడు కొనేదే కదా అని సూడకుండ పెట్టిన."

అప్పుడు రేణుకమ్మ నోరు విప్పాల్సింది. సానరాయి కడిగి ట్రంకుపెట్టెలో పెట్టేసింది, పల్లి చెత్తలో పారేసింది, ఇక మిగిలింది నోరు విప్పడమే. విప్పలేదు. రేపు చెప్తాననుకుంది. రేపటికి కోడలు కళ్ళు ఇంకా ఉబ్బిపోయి ఉన్నాయి, ఇప్పుడు చెప్తే ఇంకా అధ్వాన్నమనుకుంది. అట్లా రోజుకో చుట్టు పెరిగింది ఆ అబద్ధం. ముద్ద నోట్లో పెట్టుకుంటే వేలికొస పల్లి వాసన వచ్చేది. సబ్బుతో రుద్దినా, చింతపండుతో రుద్దినా పోలేదు.

మళ్ళీ లింబాద్రి డాక్టర్ దగ్గరికి పోయారు. ఈసారి పరమేశ్వర్ కూడా వచ్చాడు. చిన్నపిల్లలకైతే వెంట వచ్చిన ఇంటివాళ్ళందరూ చెప్పాలి, అది ఆ క్లినిక్ పద్ధతి. సింధూజ బిస్కెట్ సంగతి చెప్పింది. చీమలు రాలేదు.

"ఇంకేమన్నున్నదా అమ్మా?" అన్నాడు డాక్టర్.

 బెంచీల మీదున్నవాళ్ళందరూ తల్లినే చూశారు. అత్తను ఎవరూ చూడలేదు.

"మొన్నొక ఐతారం గోళీలు ఇచ్చుడు మర్చిపోయిన" అన్నది సింధూజ. గోడ పగులు అట్లాగే ఉంది. "ఒకనాడు పిల్లను కొట్టిన. లెక్కలు చెయ్యలేదని." పగులు అట్లాగే ఉంది. సింధూజ తల వంచుకుంది.  "బస్సుల కిటికీ పక్కన సీటు దొరికితే నాకు పానం హాయిగుంటది సారూ. ఇల్లు యాదికి రాదు. ఒక్కోనాడు పిల్ల గుడ యాదికి రాదు. గందుకే ఇట్లయిందేమో."

పరమేశ్వర్ మొహం తిప్పుకున్నాడు. బెంచీ మీద ఒకావిడ నాలుక కరుచుకుంది. చీమలు మాత్రం రాలేదు. ఇంకేం మిగిలిందో వెతుక్కుంటున్నట్టు సింధూజ తన చేతులకేసి చూసుకుంటోంది. ఆమె మోచెయ్యి రేణుకమ్మ మోచేతికి తగులుతోంది. రేణుకమ్మ ఆ మోచెయ్యి కూడా జరపలేదు. తన జన్మలో అంత నీచమైన పని చెయ్యలేదని ఆమెకు తర్వాత అనిపించింది. పల్లి అరగదీసింది పిల్ల మీద ప్రేమతో. ఇది మాత్రం దేనితో చేసిందో ఆమెకే తెలియలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి పరమేశ్వర్, "నౌకరి బంద్ చెయ్యి. పిల్ల దగ్గర మనిషుండాలె" అన్నాడు. సింధూజ ఎదురు చెప్పలేదు. ఎంత కష్టపడి తెచ్చుకున్న నౌకరీనో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. రెండేళ్ళు పరీక్షలు రాసింది, చంకలో పిల్లతో ఇంటర్వ్యూకు పోయింది. రెండు రోజుల తర్వాత అంకిత నోట్‌బుక్కులోంచి ఒక గీతల కాగితం చింపి రాజీనామా రాసింది. రాసింది సరిగ్గా ఉందా అని మొగుడికి చదివి వినిపించింది. "సొంత కారణాల వల్ల నేను ఈ ఉద్యోగం చెయ్యలేకపోతున్నాను."

వంటింట్లో బియ్యం ఏరుతున్న రేణుకమ్మకు ఆ రెండు మాటలు వినపడ్డాయి. సొంత కారణాలు. చాటలో చెయ్యి ఆగింది. ఆ సొంత కారణం తానే అని కాగితం మీద రాసి లేదు, అంతే తేడా.

మర్నాడు సింధూజ కాగితం బ్యాగులో పెట్టుకుని, పదకొండింటి బస్సుకు పోయి ఇచ్చి వస్తానని బయల్దేరింది. ఆమె సందు మలుపు తిరిగేదాకా రేణుకమ్మ గడపలో నిలబడింది. తర్వాత ట్రంకుపెట్టె తెరిచి సానరాయిని కొంగులో చుట్టుకుంది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి క్లినిక్‌కు నడిచింది. కోడలి వెంట ఎందుకు పోలేదంటే, ఆమె మొహం చూసి చెప్పే ధైర్యం లేక. డాక్టర్‌కు చెప్తే, ఆయనే ఎట్లాగో చెప్తాడని ఆశ.

బెంచీల నిండా జనం. రేణుకమ్మ వరస చూసుకోలేదు. లోపలికి పోయి సానరాయి బల్ల మీద పెట్టింది.

"బిస్కెట్ కాదు సారూ. నేనే. పల్లి సానవట్టి పెట్టిన. రోజుకొక చుట్టు పెంచిన. పన్నెండో నాడు పిల్ల పడిపోయింది. సిరంజి చేతుల పట్టుకొని సూసుకుంట నిలవడ్డ. మొన్న మీ ముందట నా కోడలు గన్ని మాటలు చెప్పుకుంటుంటే పక్కనే కూసున్న, నోరు తెరవలే. సిగ్గైంది సారూ. సావొచ్చినంత సిగ్గైంది."

లింబాద్రి డాక్టర్ సానరాయి వంక చూశాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను గుడ సగమే చెప్పిన అక్కా" అన్నాడు. "ఇంట్ల చెయ్యొద్దని చెప్పాలె. హుషారుల చెప్పలే." ఆయన కూడా తల ఎత్తలేదు.

అప్పుడు చీమలు దిగాయి. నేల మీదికి వచ్చి, అల్మారా దాకా పోయి, ఎక్కలేదు. పక్కకు మళ్ళి ముందు గదిలోకి వచ్చాయి. బెంచీల మీదున్నవాళ్ళు కాళ్ళు పైకి తీసుకున్నారు. గడప దాటి సందులోకి దిగాయి.

"నీ మందు నా సీసాల్ల లేదు" అన్నాడు డాక్టర్. "వాటెనక పో."

రేణుకమ్మ చీమల వెనక పోయింది. టైర్ల షాపు ముందు ఒకతను గాలి పైపు పక్కకు జరిపి దారి ఇచ్చాడు. మలుపులో ఒక ఆటో ఆగింది. చీమలు బస్టాండులోకి పోయి, నిజామాబాద్ మీదుగా పోయే పదకొండింటి బస్సు ముందు టైర్ల కింద నుంచి నల్లటి దారంలాగా అటు నుంచి ఇటు దాటుతున్నాయి. టైము పదకొండు దాటి పది నిమిషాలైంది. డ్రైవర్ ఇంజను ఆపేసి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. లోపలినుంచి ఎవరో, ఎందుకు లేటు అన్నారు. "చీమలు దాటుతున్నయ్" అన్నాడు కండక్టర్ నర్సింలు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

వరస బస్సు మెట్లెక్కింది. రేణుకమ్మ కూడా ఎక్కింది. మూడో వరసలో కిటికీ పక్కన సీట్లో, చేతిలో ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్‌తో సింధూజ కూర్చుని ఉంది. చీమలు ఆమె చెప్పుల చుట్టూ గుండ్రంగా తిరిగి ఆగిపోయాయి.

సింధూజ చీమల్ని చూసింది, తర్వాత అత్తను చూసింది. "అంకితకేమైంది?" అని లేచింది.

"అంకిత బడిల ఉన్నది. ఏం కాలే. కూసో బిడ్డా." రేణుకమ్మ మాత్రం కూర్చోలేదు. బస్సులో నలభై మంది ఉన్నారు. సీటు కడ్డీ పట్టుకుని, డాక్టర్‌కు చెప్పిన మాటలే మళ్ళీ చెప్పింది. అక్కడ గడగడా చెప్పేసిన మాటలే ఇక్కడ ఒక్కొక్కటీ ఆగి ఆగి వచ్చాయి.

సింధూజ బ్యాగును ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత అడిగింది. "ఎన్ని చుట్లు?"

"పన్నెండు."

"గా దినం నేను చెప్పుకుంటుంటే నువ్వు నా పక్కనే కూసున్నవ్ అత్తమ్మ."

"కూసున్న."

"కిటికీ ముచ్చట గుడ చెప్పుకున్న. ఆయనకు గుడ ఎన్నడు చెప్పలే అది. అందరు ఇన్నరు."

 తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది అనిపించింది రేణుకమ్మకు. సింధూజ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. బస్సంతా వేరే ఎటో చూసింది. చివరికి ఆమె కళ్ళు తుడుచుకుని బ్యాగు తెరిచింది. గీతల కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ బ్యాగులోనే అడుగుకు తోసేసింది.

"ఆయనకు నేను చెప్ప. నువ్వే చెప్పు" అన్నది.

"చెప్త."

ఇద్దరూ బస్సు దిగారు. చీమలు కూడా దిగాయి. నర్సింలు విజిల్ వేశాడు.

ఆ సాయంత్రం రేణుకమ్మ కొడుక్కు చెప్పింది. పరమేశ్వర్ అన్నం సగంలో వదిలేసి లేచాడు. క్లినిక్‌లో మొహం తిప్పుకున్న సంగతి అతనికీ గుర్తొచ్చినట్టుంది, ఆ వారమంతా పెళ్ళాం కళ్ళలోకి సూటిగా చూడలేకపోయాడు. సింధూజ వారం రోజులు సెలవు పెట్టింది. అత్తతో అవసరమైన మాటలే మాట్లాడింది. సానరాయిని మాత్రం ఎవరూ పారెయ్యలేదు. అది ఫ్రిజ్ పక్కన, ఎర్ర డబ్బా కిందే ఉంది. అక్కడ పెట్టింది రేణుకమ్మే.

సెలవు పెట్టిన మర్నాడు సాయంత్రం సింధూజ మార్కెట్ నుంచి డజను బత్తాయిలు తెచ్చి అత్త ముందు పెట్టింది. పక్కన కొత్త సిరంజిలు, గ్లాసులో నీళ్ళు.

"ఇది తొడ అనుకో" అన్నది బత్తాయి చూపించి. "మూత తియ్యి. గిక్కడి దాక గుంజు. నిలువుగ పొడువు. పదంకెలు లెక్కపెట్టి తియ్యి."

మొదటిరోజు సూది వంగిపోయింది. రెండో రోజు నీళ్ళన్నీ ఒళ్ళో పోసుకుంది. అంకిత ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, "అవ్వా, చెయ్యి వణుకుతుంది సూడు" అని ఎత్తిచూపేది. "వణకనీ బిడ్డా" అనేది రేణుకమ్మ. పోట్లు పడ్డ బత్తాయిల రసం తియ్యగా నేల మీద కారుతుండేది. చీమలు ఒక్కటీ వచ్చేవి కావు, చూపించాల్సిన మందు ఇంకేం మిగల్లేదేమో.

సెలవు ఆఖరి రోజు, డజనులో చివరి బత్తాయి. రేణుకమ్మ మూత తీసింది, గీత దాకా గుంజింది, నిలువుగా పొడిచింది, పది లెక్కపెట్టి తీసింది. చెయ్యి వణికింది గానీ సూది వణకలేదు. సింధూజ ఆ బత్తాయిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, చాటలో పెట్టింది.

"రేపు నేను ఏడున్నర బస్సుకు పోతున్న" అన్నది.

రేణుకమ్మ తలూపి, ఎర్ర డబ్బాను తన నడుము దగ్గర కొంగులో ముడేసుకుంది.